రోబో కట్టడానికి పిల్లలకు గడువు పెట్టాలా? హైదరాబాద్ కోచ్‌లు, తల్లిదండ్రులు, పిల్లలు చెప్పండి

శనివారం_ల్యాబ్ | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను మల్కాజిగిరి వైపు ఒక స్కూల్లో శని, ఆదివారాలు పిల్లలకు రోబోటిక్స్ చెప్తాను, ఉద్యోగం వేరే. విషయం ఏంటంటే, మన నగరంలో స్కూళ్ల మధ్య ఒక పోటీ నడిపేవాళ్లు వచ్చే ఏడాది నుంచి రోబో కట్టడానికి ఆరు వారాలే ఇవ్వాలని ఆలోచిస్తున్నారు. థీమ్, అంటే రోబో చేయాల్సిన పని ఏంటో ఇచ్చిన రోజు నుంచి ఆరు వారాలు, ఆ తర్వాత రోబోను సంచిలో పెట్టి సీల్ వేయాలి, మళ్లీ పోటీ రోజే తెరవాలి. ఇప్పటిదాకా అలాంటిదేమీ లేదు. దసరా సెలవులకు ముందు థీమ్ ఇస్తారు, జనవరి చివర పోటీ, మధ్యలో ఎవరి ఓపిక వాళ్లది. కోచ్‌లను అభిప్రాయం రాసి పంపమన్నారు, ఈ నెలాఖరు దాకా టైముంది.

నా మనసు గడువు వైపే ఉంది, ఎందుకో చెప్తాను. పోయిన జనవరిలో పోటీకి ముందు రోజు రాత్రి పదకొండున్నరకి మా తొమ్మిదో తరగతి పిల్లాడు సెన్సర్ తీగ ఊడితే సోల్డరింగ్ చేస్తూ చేస్తూ కునికాడు. ఐరన్ మొన మణికట్టుకి ఆనింది. కేక వినేసరికి నేను రెండు బల్లల అవతల కోడ్ చూస్తున్నాను. ఆ మొన వేడి 350 డిగ్రీలు ఉంటుంది. రూపాయి బిళ్లంత మచ్చ ఇప్పటికీ ఉంది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. అంత రాత్రి పిల్లల్ని కూర్చోబెట్టడం నా తప్పే. కానీ గడువంటూ ఒకటి ఉండి, రోబో నెల కిందటే సీలై ఉంటే, ఆ రాత్రి మేం అక్కడ ఉండాల్సిన పనే ఉండేది కాదు కదా.

మీరేమంటారు?

మిషిగన్_టు_మణికొండ | శుక్రవారం, రాత్రి 10:25

అన్నా, ముందుగా ఆ బాబు బాగున్నాడనుకుంటున్నా. ఈ సంచీ సీల్ పద్ధతిలో నేను స్వయంగా ఆడాను కాబట్టి చెప్తున్నా. అమెరికాలో హైస్కూల్ పిల్లలకు ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ అని ఉంటుంది, డీన్ కామెన్ మొదలుపెట్టాడు, మొదటి పోటీ 1992లో న్యూ హాంప్‌షైర్‌లో ఒక స్కూల్ జిమ్‌లో జరిగింది. జనవరి మొదట్లో ఒక శనివారం ఆట ఏంటో ప్రకటిస్తారు, మా రోజుల్లో ఫిబ్రవరిలో ఒక మంగళవారం అర్ధరాత్రికి చేయి తీసేయాల్సి వచ్చేది. ఆరు వారాలు చిల్లర. రోబోను పెద్ద ప్లాస్టిక్ సంచిలో దించి, మూతికి నంబర్ ఉన్న ట్యాగ్ బిగించి, ఫారం మీద పెద్దవాళ్లెవరైనా సంతకం పెట్టాల్సి వచ్చేది. మా 2017 రోబో బ్యాటరీ, బంపర్లు కాకుండా 120 పౌండ్ల దాకా ఉండొచ్చు, అంటే సుమారు 54 కిలోలు. నలుగురం పట్టుకుని సంచిలోకి దించేటప్పుడు మా కెప్టెన్ అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే క్లైంబర్ అప్పటికి ఒక్కసారి కూడా తాడు ఎక్కలేదు.

ఇప్పుడు అసలు సంగతి. సీల్ వేసిన మర్నాడు ఏం జరిగేదో తెలుసా? స్తోమత ఉన్న టీములు అలాంటిదే రెండో రోబో కట్టుకునేవి. ఒకటి సంచిలో, ఒకటి ల్యాబ్‌లో. ల్యాబ్‌లో దాని మీద పోటీ రోజు దాకా డ్రైవర్లు ప్రాక్టీస్ చేసేవాళ్లు, కోడ్ సరిచేసేవాళ్లు, కొత్త భాగాలు ప్రయత్నించేవాళ్లు. విడిగా తయారుచేసిన భాగాలు మా ఏడాది 30 పౌండ్ల దాకా పోటీకి తీసుకెళ్లే వీలుండేది, కాబట్టి పనికొచ్చిన కొత్త చేతిని మోసుకెళ్లి పోటీ రోజు పొద్దున సంచి విప్పి బిగించేసేవాళ్లు. ఇదేమీ దొంగతనం కాదు, అన్నీ రూల్‌బుక్‌లో ఉన్నవే. మాలాంటి ఒక్క రోబో టీముకు మాత్రం ఆరు వారాలంటే నిజంగానే ఆరు వారాలు.

చివరికి 2020 సీజన్ నుంచి ఆ సంచీ పద్ధతే ఎత్తేశారు. పోటీని ముప్పై ఏళ్లకు దగ్గరగా నడిపినవాళ్లే వదిలేసిన పద్ధతిని మనం ఇప్పుడు కొత్తగా పట్టుకోవడం ఎందుకో ఒక్కసారి వాళ్లను అడగండి.

టెన్త్_అమ్మ | శుక్రవారం, రాత్రి 11:05

మా అబ్బాయి ఈసారి పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. పోటీ జనవరి చివర. నేనేం రోబోలకు వ్యతిరేకం కాదు, వాడు ఆరో తరగతిలో ఉన్నప్పుడు పాత మిక్సీ మోటారు విప్పి చూసిన రోజు నుంచి వాడికి ఇదే లోకం. కానీ ఇంట్లో నా మాటకు బలం ఉండట్లేదు. "ఇంక చాలు నాన్నా, పడుకో" అంటే "పక్క టీమ్ వాళ్లు ఇంకా చేస్తూనే ఉన్నారు అమ్మా" అంటాడు. అందరికీ ఒకేసారి ఆగిపోతుందంటే వాడూ ఆగుతాడు. ఒక్కడినే ఆపితే అన్యాయం చేసినదాన్నవుతాను. రెండో రోబో కట్టేవాళ్లు ఎక్కడో ఉంటారేమో, మన స్కూళ్లలో ఎంతమంది అలా కడతారు? నాకు మాత్రం గడువు కావాలి.

కూకట్‌పల్లి_మేకర్ | శనివారం, ఉదయం 7:15

మేడమ్, మీ బాధ నాకు అర్థమైంది. నేను పిల్లలకు రోబోటిక్స్ నేర్పే చిన్న సెంటర్ నడుపుతాను, ఏడేళ్లయింది. గడువు వద్దు అంటాను నేను, వ్యాపారం కోసం కాదు, నేర్చుకోవడం ఎక్కడ జరుగుతుందో రోజూ కళ్లారా చూస్తాను కాబట్టి. మొదటి నెలలో పిల్లలు కట్టేది యూట్యూబ్‌లో చూసిన రోబో. రెండో నెలలో అది పనిచేయదు. మూడో నెలలో ఎందుకు పనిచేయదో తెలుస్తుంది. ఆరు వారాలకు కోసేస్తే సరిగ్గా ఆ మూడో నెల పోతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. పోయినేడు ఇద్దరు ఎనిమిదో తరగతి అమ్మాయిల రోబో సమతలం మీద బ్రహ్మాండంగా నడిచేది, ర్యాంప్ ఎక్కమంటే సగంలో ఆగిపోయేది. చక్రాలు మార్చారు, బరువు తగ్గించారు, బ్యాటరీ కొత్తది వేశారు. నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది గానీ నోరు కట్టేసుకున్నాను. ఎనిమిదో వారంలో ఒకమ్మాయి మల్టీమీటర్ తీసుకుని బ్యాటరీ దగ్గర కొలిస్తే 7.4 వోల్టులు, మోటార్ దగ్గర కొలిస్తే 5.4. "సార్, మధ్యలో రెండు వోల్టులు ఎటు పోయాయి?" అని అడిగింది. పోయింది ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్‌లో, అంటే మోటార్‌కు కరెంటు అందించే చిన్న బోర్డులో, అది పాత రకం ట్రాన్సిస్టర్లతో చేసింది, దాని హీట్‌సింక్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఆ రెండు వోల్టులు ఆ వేడిలోకే పోతున్నాయి. దాని బదులు మాస్‌ఫెట్‌లు అనే కొత్త రకం ట్రాన్సిస్టర్లతో చేసిన టీబీ6612 బోర్డు పెట్టుకున్నారు, ర్యాంప్ ఎక్కేసింది. ఇప్పుడు ఆ అమ్మాయిని నిద్రలో లేపి అడిగినా వోల్టేజ్ డ్రాప్ అంటే ఏంటో చెప్తుంది. ఆరు వారాల గడువుంటే నేను రెండో వారంలోనే చెప్పేసేవాణ్ణి, చెప్పక తప్పేది కాదు.

రాణిగంజ్_రాము | శనివారం, ఉదయం 8:50

సార్ చివర్లో రాసిన మాట చాలా పెద్ద మాట. గడువు దగ్గరపడితే స్క్రూడ్రైవర్ పెద్దవాళ్ల చేతికి వెళ్లిపోతుంది. నేను షాపులో కూర్చుని రోజూ చూస్తున్నా. మాది బేరింగులు, బోల్టులు, చిన్న మోటార్ల షాపు. మామూలు రోజుల్లో పిల్లలు వస్తారు, "అంకుల్, 300 ఆర్‌పీఎమ్ జాన్సన్ మోటార్ ఉందా, షాఫ్ట్ ఆరు మిల్లీమీటర్లేనా" అని వాళ్లే అడుగుతారు, వెర్నియర్ తెచ్చుకుని కొలుచుకుంటారు. పోటీ పది రోజుల్లోకి వచ్చిందంటే తండ్రులు వస్తారు, సార్లు వస్తారు, ఫోన్‌లో ఫోటో చూపించి "ఇది ఇవ్వు, తొందరగా" అంటారు. పిల్లలు కనపడరు.

ఇంకోటి. అందరికీ ఒకే గడువు పెడితే సరుకు ఒకేసారి అయిపోతుంది. మా దగ్గర లేకపోతే కోఠి గుజరాతీ గల్లీకి పొమ్మంటాం, అక్కడా లేకపోతే ఆన్‌లైన్‌లో నాలుగైదు రోజులు. బాలానగర్‌లో లేజర్ కటింగ్ చేసేవాళ్లకు ఫ్యాక్టరీ ఆర్డర్లే ముందు, పిల్లల అక్రిలిక్ ముక్క వారం వెయిట్ చేయాలి. ఆరు వారాల్లో రెండు వారాలు ఇలాగే పోతాయి. ముందే నాలుగు మోటార్లు ఎక్కువ కొనిపెట్టుకునే స్కూల్‌కి ఏమీ కాదు. ఒక్క మోటార్‌తో నడిపేవాళ్లకి అది కాలిపోయిన రోజే పోటీ అయిపోయినట్టు.

రోబోకాన్_2014 | శనివారం, ఉదయం 9:30

నేను ఇంజనీరింగ్‌లో రోబోకాన్ ఆడాను. అది కాలేజీ పిల్లలకు, దూరదర్శన్ 2002 నుంచి మన దేశంలో పోటీ నడుపుతూ వచ్చింది, గెలిచినవాళ్లు ఆసియా పసిఫిక్ పోటీకి వెళ్తారు. 2014లో ఆ అంతర్జాతీయ పోటీ పుణెలోనే జరిగింది, థీమ్ తల్లిదండ్రులకు వందనం. పెద్ద రోబో చిన్న రోబోను ఉయ్యాల ఊపాలి, ఊగుడుబల్ల ఆడించాలి, స్తంభాల మీద నడిపించాలి. చేతులు ఎంత మెల్లగా ఊపాలో కుదరడానికే మాకు రెండు నెలలు పట్టింది. థీమ్ చాలా నెలల ముందే వచ్చేస్తుంది, సంచీ లేదు, సీల్ లేదు.

దాని ఫలితం కూడా చెప్పాలి కదా. మా పదిహేను మందిలో ఆరుగురికి ఆ సెమిస్టర్ బ్యాక్‌లాగ్‌లు. నాకు రెండు. ఒకడికి హాజరు చాలక ఏడాది పోయింది. వాడికి దాని మీద ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు, కానీ వాళ్ల నాన్న అప్పటి నుంచి మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఇరవై ఏళ్లవాడు తన ఏడాదిని తాను పణంగా పెట్టుకోవచ్చు. పద్నాలుగేళ్ల పిల్లల్ని ఆ మాట అడిగే హక్కు మనకు లేదు. అందుకే కాలేజీకి వద్దు, స్కూల్‌కి ఏదో ఒక హద్దు కావాలంటాను.

ఫిజిక్స్_టీచర్_పాతబస్తీ | శనివారం, మధ్యాహ్నం 1:10

అందరూ వారాల లెక్క చెప్తున్నారు, నేను గంటల లెక్క చెప్తాను, కాస్త ఓపికగా చదవండి.

మాది ప్రభుత్వ పాఠశాల. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది, 20 లక్షల గ్రాంట్ కింద వచ్చిందే, త్రీడీ ప్రింటర్ ఉంది, ఆర్డుయినోలు, అంటే రోబోను నడిపించే చిన్న కంట్రోల్ బోర్డులు ఉన్నాయి. కానీ ల్యాబ్ తెరిచేది శనివారం మధ్యాహ్నం రెండు గంటలు. మిగతా రోజులు నాకు వరుసగా క్లాసులు, సాయంత్రం ఐదుకి వాచ్‌మన్ తాళం వేయాలి, సగం మంది ఆడపిల్లలు చీకటి పడకముందే ఇంట్లో ఉండాలి. ఆరు వారాలంటే మాకు ఆరు శనివారాలు, 12 గంటలు. అందులో ఒక శనివారం పండగ వస్తే పది. అదే ఆరు వారాలు పెద్ద ప్రైవేటు స్కూల్‌కి రోజుకు మూడు గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 108 గంటలు. కాగితం మీద ఇద్దరికీ ఆరు వారాలే!

ఇప్పుడున్న పద్ధతిలో సెప్టెంబర్ చివరి నుంచి జనవరి చివరి దాకా దాదాపు 17 శనివారాలు వస్తాయి, అంటే 34 గంటలు. ప్రైవేటు వాళ్లకు మూడు వందలు వస్తాయి, నిజమే, తేడా ఎక్కువే. కానీ 34 గంటల్లో మా పిల్లలు నడిచే రోబో కట్టగలరు, పోయినేడు కట్టారు కూడా. 12 గంటల్లో కట్టలేరు. అంతరాన్ని తగ్గించడానికి గడువు అంటున్నారు, అది తగ్గేలోపు మేం బరిలోనే ఉండం.

యంత్రాలు వాడుకుని నమూనాలు తయారుచేసుకునే చోటు, రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది కదా అని ఒకాయన నాతో అన్నారు. 2023లో తెరిచినప్పుడు మా పిల్లల్ని చూపించడానికి తీసుకెళ్లాను కూడా, 78 వేల చదరపు అడుగుల్లో అన్ని యంత్రాలు చూసి వాళ్లకు నోట మాట రాలేదు. కానీ ఫలక్‌నుమా నుంచి బస్సులో ఎంజీబీఎస్, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేట, అమీర్‌పేటలో మారి రాయదుర్గం. పోను గంటన్నర, రాను గంటన్నర. ఏడో తరగతి పిల్లను వారానికి మూడు రోజులు అలా పంపే తల్లి ఎవరు?

టెన్త్_అమ్మ | శనివారం, మధ్యాహ్నం 2:00

సార్, ఈ లెక్క నాకు తట్టనే లేదు. మా అబ్బాయి చదివేది ఆ 108 గంటల స్కూల్లోనే. నిన్న రాత్రి రాసింది వెనక్కి తీసుకోను, నిద్ర సంగతి నిద్ర సంగతే. కానీ మీ పిల్లల్ని బయటికి నెట్టే గడువు నాకు వద్దు.

డబ్ల్యూఆర్‌ఓ_అక్క | శనివారం, మధ్యాహ్నం 3:35

వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ సంగతి ఎవరూ చెప్పలేదే! నేను స్కూల్లో ఉన్నప్పుడు ఆడాను, 2016లో దాని ప్రపంచ ఫైనల్ ఢిల్లీలోనే పెట్టారు. అక్కడ ఇంటి దగ్గర ఎన్ని నెలలు కడతావో ఎవరూ అడగరు. కానీ మా రోజుల్లో పోటీ రోజు పొద్దున రోబో అనేదే ఉండకూడదని రూల్. మొత్తం విప్పేసి విడి ముక్కలుగా ట్రేలో పెట్టుకుని వెళ్లాల్సి వచ్చేది, ఏ రెండు ముక్కలూ అతికి ఉండకూడదు, జడ్జి వచ్చి చూసేవాళ్లు. కాగితం మీద రాసుకున్న సూచనలు, ఫోటోలు ఏవీ ఉండకూడదు. కోచ్ తాడు అవతల నిలబడాలి. బెల్ కొట్టగానే మేం ముగ్గురం కట్టడం మొదలుపెట్టేవాళ్లం. దానికి తోడు ఆ రోజే కొత్త రూల్ ఒకటి చెప్పేవాళ్లు, దానికి తగ్గట్టు ప్రోగ్రామ్ మార్చుకోవాల్సి వచ్చేది.

మొదటిసారి నాకు చేతులు ఎంత వణికాయంటే, గేర్ల మధ్య ఒక బుష్ తిరగేసి పెట్టాను, పది నిమిషాల తర్వాత గానీ దొరకలేదు. కానీ ఇంట్లో ఆ రోబోను ముప్పైసార్లు విప్పి కట్టినదాన్ని, ఏ ముక్క ఎందుకుందో నాకు తెలుసు. మా పక్క బల్ల మీద ఒక టీమ్ ట్రే ముందు అలా కూర్చుండిపోయారు. అద్భుతమైన రోబో అది, ముందు రోజు ప్రాక్టీస్‌లో చూశాం. కట్టింది వాళ్లు కాదు. పాపం ఆ పిల్లల ముఖాలు నేను మర్చిపోలేను, తప్పు వాళ్లది కాదు కదా.

గంటలు లెక్కపెట్టాలంటే ప్రతి ల్యాబ్‌కీ కాపలా పెట్టాలి. విప్పి తెమ్మంటే కాపలా అక్కర్లేదు.

మిషిగన్_టు_మణికొండ | శనివారం, సాయంత్రం 4:10

అక్కా, ఇది నాకు నచ్చింది. ఒక చిక్కు మాత్రం ఉంది, అది లెగో ముక్కలతో ఆడేది కాబట్టి విప్పడం కట్టడం సులువు. ఇక్కడ పిల్లలవి అక్రిలిక్ చాసీలు, సోల్డర్ చేసిన బోర్డులు, త్రీడీ ప్రింట్ చేసిన బ్రాకెట్లు. ఇవన్నీ పోటీ రోజు మళ్లీ సోల్డర్ చేయమంటే అన్న చెప్పిన మణికట్టు కథలు ఇంకో పది అవుతాయి.

రాణిగంజ్_రాము | శనివారం, సాయంత్రం 4:30

సోల్డర్ ఉన్నది ఉన్నట్టు ఉంచి, నట్లు బోల్టులు విప్పి తెమ్మనొచ్చు. కనెక్టర్లు పీకి తెమ్మనొచ్చు. జేఎస్‌టీ కనెక్టర్, అదే తీగల చివర పెట్టే చిన్న ప్లగ్, ఖరీదు ఎంతని, చాయ్ డబ్బులు. తీగలు తిన్నగా మోటారుకు అతికించకుండా కనెక్టర్ పెట్టుకోవడం పిల్లలకు అలవాటవుతుంది కూడా.

హిమాయత్‌నగర్_నాన్న | శనివారం, సాయంత్రం 6:20

కూకట్‌పల్లి సార్‌ని ఒక్క మాట అడగాలి, కోపం వద్దు. మీరు నోరు కట్టేసుకున్నానన్నారు, సంతోషం. కానీ నగరంలో చాలా సెంటర్లలో పిల్లల పేరు మీద రోబోలు కట్టేది ఇన్‌స్ట్రక్టర్లే. ఒక చోట నా కూతురి కోసం ఫీజు కట్టాను, రెండు నెలల తర్వాత వెళ్లి చూస్తే తను పక్కన కుర్చీలో కూర్చుని చూస్తోంది, ఒక కుర్రాడు కడుతున్నాడు. అడిగితే "గెలవాలి కదా సార్" అన్నాడు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? గడువు లేకపోతే ఇలాంటివాళ్లకు ఇంకా ఖాళీ దొరుకుతుంది.

కూకట్‌పల్లి_మేకర్ | శనివారం, సాయంత్రం 7:05

కోపం ఎందుకు సార్, మీరు చెప్పింది జరుగుతోంది. మాలో కొందరు చేస్తున్నారు, నాకు తెలుసు. తల్లిదండ్రులు కప్పు చూసి చేర్పిస్తారు కాబట్టి చేస్తున్నారు, అయినా సరే అది తప్పే. అందుకే డబ్ల్యూఆర్‌ఓ అక్క చెప్పిన పద్ధతికి నేను చేయెత్తుతున్నాను. దానివల్ల నా సెంటర్‌కు రెండు కప్పులు తగ్గినా ఫర్వాలేదు. మా పిల్లలు ట్రే ముందు కూర్చుండిపోతే అది నాకు తెలియాల్సిన విషయమే.

ఇంటర్_ఫస్టియర్ | శనివారం, రాత్రి 8:45

నమస్తే. నేను పోయినేడు దాకా ఆడాను, ఇప్పుడు ఇంటర్. పెద్దవాళ్లందరూ రాశారు, పిల్లలెవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా.

మాకు గడువు భయం కాదు. మొదటి పోటీలో ఏం జరిగిందంటే, మొదటి మ్యాచ్‌లోనే మా క్యాస్టర్ చక్రం, అంటే ఎటైనా తిరిగే చిన్న చక్రం, అరీనా (రోబోలు ఆడే నేల) అతుకులో ఇరుక్కుంది. మా స్కూల్ నేల గ్రానైట్, అక్కడ వేసింది ప్లైవుడ్ పలకలు, రెండు పలకల మధ్య మూడు మిల్లీమీటర్ల సందు. నాలుగు నెలలు కట్టాం, మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయాం. రెండో మ్యాచ్‌కి ఇరవై నిమిషాలుంది. నా ఫ్రెండ్ వాటర్ బాటిల్ మూత కోసి చక్రం కింద జారే కాలులా జిప్ టైలతో కట్టాడు. పనిచేసింది. నాలుగు నెలల కంటే ఆ ఇరవై నిమిషాల్లోనే నేను ఎక్కువ నేర్చుకున్నా. కానీ ఆ నాలుగు నెలలు లేకపోతే ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలో తెలిసేది కాదు.

నాకు తెలిసి పిల్లలకు కావాల్సింది ముందే ఒకసారి అరీనా మీద నడిపి చూసుకునే అవకాశం. డిసెంబర్‌లో ఒక ప్రాక్టీస్ రోజు పెడితే చాలు. తర్వాత మళ్లీ బాగుచేసుకునే టైముండాలి. సంచిలో సీల్ వేస్తే తప్పు కనపడ్డాక సరిచేసుకునే దారే ఉండదు కదా.

ఇంకోటి, రాత్రిళ్లు కూర్చోవాలని మాకూ ఉండదు ఆంటీ. పక్క టీమ్ కూర్చుంటుందని కూర్చుంటాం. ఏడు గంటలకి అన్ని ల్యాబులూ మూసేస్తారని రూల్ ఉంటే మేమే సంతోషంగా వెళ్లిపోతాం.

టెన్త్_అమ్మ | శనివారం, రాత్రి 9:10

బాబూ, నువ్వు రాసింది మా వాడికి చదివి వినిపించాను. వాటర్ బాటిల్ మూత దగ్గర లేచి కూర్చున్నాడు. ఏడింటికి మూసేస్తే సరేనా అంటే "అందరికీ అయితే సరే" అన్నాడు. నాకు అంతే కావాలి.

రోబోకాన్_2014 | శనివారం, రాత్రి 9:40

ఏడింటి రూల్‌ని ఇళ్లలో ఎవరు చూస్తారని అడుగుతారు. చూడలేం. కానీ రోబో స్కూల్ దాటి ఇంటికి వెళ్లకూడదని పెట్టొచ్చు, ఆ మాట మీద స్కూల్ హెడ్ సంతకం తీసుకోవచ్చు. కొందరు తప్పుతారు, తప్పనీ. చాలామంది స్కూళ్లవాళ్లు సంతకం పెట్టిన మాట మీద నిలబడతారు, నాకా నమ్మకం ఉంది.

శనివారం_ల్యాబ్ | ఆదివారం, ఉదయం 6:50

రాత్రంతా ఇవే తిరిగాయి బుర్రలో. నేను గడువు కావాలని మొదలుపెట్టాను, ఇప్పుడు ఆరు వారాల సీల్ వద్దని రాయబోతున్నాను. ఆ పిల్లాడి చేయి కాలింది వారాలు ఎక్కువై కాదు, రాత్రి పదకొండున్నరకి ల్యాబ్ తెరిచి ఉండటం వల్ల. అది ఆపాలంటే గడియారం చూడాలి, క్యాలెండర్ కాదు. ఫిజిక్స్ సార్ చెప్పిన 12 గంటల లెక్క చదివాక నాకు ఇంకే వాదనా ఆనలేదు.

ఉత్తరంలో ఇలా రాస్తున్నాను. థీమ్ ఇప్పట్లాగే దసరా ముందే ఇవ్వండి, సంచీలు వద్దు. పోటీ రోజు రోబోను బోల్టులు విప్పి, కనెక్టర్లు పీకి తేవాలి, గంటన్నరలో పిల్లలే బిగించాలి, పెద్దవాళ్లు తాడు అవతలే ఉండాలి, సోల్డర్ చేసినవి అలాగే ఉండొచ్చు. ఒకే థీమ్‌కి రెండో రోబో వద్దు. డిసెంబర్‌లో ఒక ఆదివారం అసలు అరీనా మీద ప్రాక్టీస్ పెట్టండి, ఆ ప్లైవుడ్ అతుకులతో సహా. ల్యాబులు ఏడింటికి మూయాలి, రోబో స్కూల్లోనే ఉండాలి, హెడ్ సంతకం చేయాలి. మార్చాల్సిందేమైనా ఉంటే ఈ సాయంత్రంలోపు చెప్పండి.

ఫిజిక్స్_టీచర్_పాతబస్తీ | ఆదివారం, ఉదయం 8:15

రెండు చేర్చండి సార్. గంటన్నర చాలదు, రెండు గంటలివ్వండి, మా పిల్లలకు చేతి వేగం తక్కువ, స్క్రూడ్రైవర్ సెట్ కూడా ముగ్గురికి ఒకటే. రెండోది, ప్రాక్టీస్ ఆదివారం ఎక్కడ పెట్టినా ఎంజీబీఎస్ నుంచి ఒక్క బస్సులో చేరేలా ఉండాలి.

రాణిగంజ్_రాము | ఆదివారం, ఉదయం 8:40

సార్, స్క్రూడ్రైవర్ సంగతి నాకు వదిలేయండి. అలెన్ కీలు, నట్ డ్రైవర్లు కలిపి ఆరు సెట్లు షాపులో పక్కన పెడుతున్నా. ఆదివారం షాపు బంద్, సోమవారం పదకొండు తర్వాత రండి. పిల్లల్ని తీసుకునే రండి, ఏ సైజు కావాలో వాళ్లే చూసుకుంటారు.

ఫిజిక్స్_టీచర్_పాతబస్తీ | ఆదివారం, ఉదయం 8:55

సోమవారం స్కూల్ ఉంది. శనివారం రెండింటికి ముగ్గుర్ని తీసుకొస్తాను. ఇద్దరు ఎనిమిదో తరగతి, ఒకమ్మాయి ఏడు. ఆ అమ్మాయికి వెర్నియర్ చూడటం ఇంకా రాదు, మీ దగ్గరే నేర్చుకుంటుంది.